నొప్పికి దారి మూసిన మనిషి

నా భార్య పోయిన కబురు మీలో కొందరికి ఇంకా చేరి ఉండదు. ఇరవై రెండు రోజులైంది. గుండెపోటు. ఆసుపత్రికి బయలుదేరుతూ, చెప్పులు వేసుకోవడానికి కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు.

ఆమె మత్తు డాక్టరు. ఎముకల ఆపరేషన్లు చేసేచోట ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసింది. కోసిన డాక్టరు పేరు రోగులకు గుర్తుంటుంది, ఈమె ముఖం గుర్తుండదు. మీలో ఎవరైనా మోకాలి ఆపరేషనయిన మర్నాడు హాయిగా కాఫీ తాగి ఉంటే, దాని వెనక ఇలాంటి మనిషి ఒకరు ఉండి ఉంటారు.

మా అమ్మకు మాత్రం కోడలి చదువు మీద గురి లేదు. సౌకార్‌పేటలో మా ఇంటికి ఎవరొచ్చినా అనేది: "నిద్రపుచ్చేదానికి డాక్టరెందుకు? నేను నలుగురు బిడ్డల్ని జోకొట్టలేదా?" నా భార్య నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకుండా ఉండాల్సింది.

మూడేళ్ళ కిందట అమ్మ జారిపడి తుంటి విరిగింది. ఎనభై ఏళ్ళు. గుండె బలహీనం, పూర్తి మత్తును తట్టుకోదన్నారు. వెన్నులో సూది వేయాలంటే పక్కకు తిప్పాలి. దుప్పటి తగిలితేనే కేక పెడుతోంది. అందుకే ముందు కాలి నరానికి మందిచ్చి ఆ నొప్పి ఆపాలి. సొంతవాళ్ళకు తాము చేయకూడదని డాక్టర్లలో ఒక పద్ధతి. అయినా తోటివాళ్ళు, "నరానికి మందు మీకన్నా బాగా మాకు ఇవ్వడం రాదు మేడం, మీరే ఇవ్వండి" అన్నారు.

నా భార్య నన్ను అమ్మ తల దగ్గర నిలబడనిచ్చింది. గజ్జ దగ్గర స్కాన్ పరికరం ఆనించి, చిన్న తెరకేసి గడ్డంతో చూపింది. "ఆ తెల్లమచ్చ చూడండి. అదే నరం." సూది మెరుస్తూ దాని దగ్గరకు వెళ్ళి, ముట్టుకోకుండా ఆగింది. మందు నల్లగా పాకి నరాన్ని చుట్టుకుంది. రోజూ నా ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచే చేయి అది. దాన్ని నేను అప్పుడే మొదటిసారి చూశాను.

పావుగంటకు అమ్మ ఏసీని తిడుతోంది. "ఈ చలి ఎవురికోసరమే? కాలు ఎత్తేదుంటే ఎత్తండి."

"ఎత్తి దించినాం కూడా అత్తా."

"మరి నా కాలు యాడుందే?"

"ఆడనే ఉంది. ఎవురూ ఎత్తుకోని పోలేదు."

తర్వాత పక్కకు తిప్పారు. కేక లేదు.

ఆపరేషనయ్యాక నరం పక్కన సన్నని గొట్టం ఉంచి మందు చుక్కచుక్కగా పంపారు. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి అమ్మ మంచం దిగుతోంది. "నొప్పే లేదు కదరా, బాగయిపోయినా." మొద్దుబారిన కాలు తడిగుడ్డలా మడతపడింది. అప్పుడే లోపలికొస్తున్న నా భార్య చేతిలో ఫైలు వదిలేసి, అమ్మ బరువంతా భుజం మీద ఆపింది.

తిట్టలేదు. "నొప్పి పోలేదు అత్తా. దాని దారి మూసిపెట్టినా, అంతే. రేపు గొట్టం తీస్తే వస్తాది. మొదలైనప్పుడే చెప్పాల. ఆయనకు కాదు, నాకు."

నా భయం అక్కడే. అమ్మ తన బాధ కోడలికి చెప్పే మనిషి కాదు. పంటినొప్పయినా నా చెవిలోనే చెప్పేది. నొప్పిని దాచుకుంటే లేచి నడవదు. నడవకపోతే ఆ వయసులో మంచానికే అంకితం.

ఆ మర్నాడు గొట్టం తీశారు. మధ్యాహ్నానికి అమ్మ పెదవి బిగించింది. "నొప్పా?" అన్నాను. "నువ్వు పో. దాన్ని పిలువు."

నా భార్య వచ్చి వంగింది. అమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"వస్తాండాది తల్లీ. ఇంకా దూరంగానే ఉండాది. వస్తాండాది."

ఆ సాయంత్రమే అమ్మ వాకర్ పట్టుకుని తలుపుదాకా నడిచింది. చూడ్డానికొచ్చినవాళ్ళతో, "నొప్పి వచ్చే దారులన్నీ మా కోడలికి తెలుసు" అంది. జోకొట్టిన మాట మళ్ళీ ఎత్తలేదు.

నిన్న అమ్మ మేడ మెట్లెక్కుతూ మధ్యలో ఆగింది.

"నొప్పా అమ్మా?"

"లేదులే."

ఒక చేయి గోడకు ఆనించి, ఇంకో చేయి గజ్జ మీద పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. నేను రెండు మెట్ల కింద ఆగాను. తర్వాత నెమ్మదిగా పైమెట్టు మీద పాదం మోపింది.