మేనత్త పన్నుకు పూయని పూత

శంషాబాద్‌లో విమానాలు కొత్తగా దిగుతున్న ఆ రోజుల్లో, నేను పళ్ల డాక్టరునై ఏడాది కూడా నిండలేదు గానీ అన్నీ వచ్చేశాయన్న నమ్మకం మాత్రం నిండుగా ఉండేది. ఒక మేడమ్ నడిపే చిన్న క్లినిక్‌లో పనిచేసేవాణ్ణి. (వచ్చినవాళ్లు నన్ను కాంపౌండరనుకుని "పెద్ద డాక్టరమ్మ లేదా?" అని అడిగేవాళ్లు.) సొంతంగా క్యాపు వేసే అవకాశం మొదట ఇచ్చింది మామిడిపల్లిలో ఉండే మా మేనత్త. మక్క కంకి కొరికి దవడ పన్ను పగలగొట్టుకుని నేరుగా నా కుర్చీలో కూర్చుంది. "మా అల్లుడే చెయ్యాలె. వేరేటోళ్లు నోట్ల చెయ్యి పెడితే కొరుకుత" అంది.

మత్తు సూది ఇచ్చి పన్ను చుట్టూ అరగదీశాను. పైనున్న గట్టి పెంకు పోతే లోపలి లేత పసుపు పొర బయటపడుతుంది. దాంట్లో కంటికి కనబడని సన్నని రంధ్రాలు, అన్నీ నరం వైపు పోయే దారులే. అందుకే కొలత తీయకముందే దాని మీద పల్చగా జిగురు పూసి, నీలం దీపంతో గట్టిపరచాలి. అసలు క్యాపు తయారై వచ్చేదాకా ఆ పూతే కాపలా. మేడమ్ పదిసార్లు చెప్పిన సంగతే. నేనేమో పైన తాత్కాలిక క్యాపు పెడుతున్నాగా, చాల్లే అనుకున్నా. అత్త ముందు చకచకా ముగించి శభాష్ అనిపించుకోవాలని తొందర.

నాలుగో రోజు తుక్కుగూడలో చుట్టాల పెళ్లి. బంతిలో అత్త మటన్ ముక్కతో పాటు ఆ తాత్కాలిక క్యాపునూ మింగేసి, పైనుంచి ఐసునీళ్లు తాగింది. "ఓ అల్లుడా! నా పన్నేం జేసినవురా, నెత్తి దాకా జివ్వుమంటున్నది!" అన్న కేకకి వడ్డించేవాళ్ల గరిటెలు ఆగిపోయాయి. పక్కనున్నామె, "ఏందే, గీయనకేనా మా అమ్మను చూపియ్యమంటివి?" అని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

పట్టుచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న అత్తను ఆటోలో క్లినిక్‌కి తీసుకొచ్చాను, దారంతా ఆమె పక్కన తలొంచుకుని కూర్చుని. మేడమ్ పన్ను చూసి, "పూత వేశావా?" అంది. లేదన్నాను. "నాతో కాదు, ఆవిడతో చెప్పు."

"తప్పు నాదే అత్తా. తొందరల ఒక పని ఇడిచిపెట్టిన" అన్నాను. ఇగ లేచి మేడమ్ కుర్చీకి పోతుందనుకున్నా. అత్త నా కుర్చీలోనే వెనక్కి వాలి, "చెప్పినవు గద. ఇగ మంచిగ చెయ్యి" అని నోరు తెరిచింది.

శుభ్రం చేసి, పూత పూసి, కొలత మళ్లీ మొదటినుంచి తీశాను. నీలం దీపం మేడమే పట్టుకుంది. వారానికి అసలు క్యాపు కూర్చుంది. ఆ తర్వాత అత్త సగం మామిడిపల్లిని నా దగ్గరికి తోలింది. "తప్పు నా పన్ను మీదనే చేసిండు, ఇగ మీకు భయం లేదు" అని చెప్పి మరీ!

అత్త పోయి చాన్నాళ్లయింది. ఇప్పుడు అరగదీసిన ఏ పన్నునూ పూత లేకుండా పంపను. అందరూ మర్యాదగా థాంక్స్ చెప్పి వెళ్తారు. ఆ రోజు ఆటోలో తలొంచుకుని కూర్చున్న కుర్ర డాక్టరు గుర్తొస్తే నవ్వొస్తుంది. పాపం, వాడికి పనేమీ రాదు. కానీ వాడి పక్కన అత్త ఉంది.