మార్తమ్మత్త మూడు రోజుల గడువు

నరసరావుపేటలో మా కాలేజీ ల్యాబులో పిల్లలు గాయపాకు నూరుతుంటే ఆ పచ్చి వాసనకు నేను నిలబడలేను. ఏదో పనున్నట్టు వరండాలోకి వెళ్లిపోతాను. సూక్ష్మజీవశాస్త్రం చెప్పే మేడమ్‌కు ఆకు వాసన పడదని వెనక నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నాకది మార్తమ్మత్త చేతుల వాసన.

గురజాల దగ్గర మా ఊళ్లో ఆమెది పక్కిల్లు. వరసకు ఏమీ కాకపోయినా అత్తే. క్వారీలో రాళ్లు మోసేది. అక్కడ ఎవరికి దెబ్బ తగిలినా ముందు ఆమె గడపకే వచ్చేవారు. గట్టున మొలిచే గాయపాకును అరచేతిలో నలిపి, పసరు పిండి కట్టు కట్టేది. "కళ్లు యాడబెట్టుకుని పని జేస్తన్నావురా?" అని తిట్టాకే కట్టు. ఆమెకొక నియమం ఉండేది. "మూడోనాటికి వాపు దిగకపోతే నా ఆకు ఓడిపోయినట్టే. పెద్దాసుపత్రికి పోండి" అనేది. ఓటమిని అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషిని నేను తరవాత ఏ ల్యాబులోనూ చూడలేదు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆమె ఆకునే తీసుకున్నాను. స్పిరిట్‌లో ఆకు నానబెట్టి, ఆ రసంలో చిన్న కాగితం బిళ్ల ముంచి, చీము పట్టించే బాక్టీరియా పెంచిన గాజు పళ్లెంలో పెట్టాను. మర్నాటికి బిళ్ల చుట్టూ బాక్టీరియా చచ్చి, ఆ మేర తేటగా వలయం కనిపించింది. నా కాళ్లు భూమ్మీద ఆనలేదు. ఫోన్లో ఫోటో తీసుకుని ఆ సాయంత్రమే బస్సెక్కాను.

"అత్తా, నీ ఆకు గెలిచింది. పరీక్షలో తేలింది."

ఆమె ఫోటోను చాలాసేపు చూసింది. "ఇన్నాళ్లూ దీన్ని చానా తక్కువజేశానే అమ్మాయ్" అంది. ఆ ఫోటో తన ఫోన్లోకి పంపించుకుని క్వారీలో అందరికీ చూపించింది.

వారం తిరక్కుండా మా గైడు సారు నా పళ్లెం చూసి ఒక్క ప్రశ్న వేశారు. "ఉత్త స్పిరిట్‌లో ముంచిన బిళ్ల ఏదమ్మా?"

పెట్టలేదు. పోల్చి చూడటానికి అది తప్పనిసరని తెలిసీ తొందరలో వదిలేశాను. మళ్లీ చేస్తే, ఉత్త స్పిరిట్ బిళ్ల చుట్టూ కూడా అంతే వలయం వచ్చింది. బాక్టీరియాను చంపింది ఆకు కాదు, నేను ఆరనివ్వని స్పిరిట్. శుభవార్తకు దొరికిన బస్సు ఈ మాట చెప్పడానికి దొరకలేదు. సిగ్గుపడ్డాను. పరీక్షలయ్యాక చెబుదాంలే అనుకున్నాను.

పరీక్షలు అయ్యేసరికి అమ్మ ఫోన్ చేసింది. అత్త పాదం మీద రాయి పడిందట. అసలే షుగరున్న మనిషి, పది రోజులు ఆకే కట్టుకుంది. మూడోనాడు అమ్మ ఆసుపత్రికి పోదామంటే, "పిల్ల పరీక్షజేసి చెప్పిందిగా, ఇంక ఓడిపోయేదేంది?" అందట.

నేను గుంటూరు ఆసుపత్రికి వెళ్లేసరికి ఆమె ఒళ్లంతా విషం పాకింది. మంచం పక్కన నిలబడి జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కళ్లు మూసుకుని వింది.

"క్వారీ వాళ్లకు చెప్పావా?"

"లేదత్తా."

"మరి ఈడేంజేస్తన్నావే? పో."

వెళ్లాను. ఇల్లిల్లూ తిరిగి నా తప్పు నా నోటితోనే చెప్పాను. ఆరో ఇంట్లో ఉండగా అమ్మ ఫోన్ వచ్చింది, అత్త పోయిందని. ఏడుస్తూనే చూశాను, ఆ ఇంటాయన పిక్కకు ఆకు కట్టు ఉంది. ఎన్నాళ్లయిందని అడిగాను. "ఐదు రోజులమ్మా" అన్నాడు. ముందు ఆయన్ను ఆటో ఎక్కించి ఆసుపత్రిలో చేర్పించాను. ఆ తరవాతే అత్తను చూడటానికి వెళ్లాను.

ఆయన ఇప్పటికీ క్వారీకి నడిచే వెళ్తాడు. ఊరెళ్లినప్పుడు ఎదురుపడితే ఆగి మరీ దణ్ణం పెడతాడు. ఆ దణ్ణం ఎలా అందుకోవాలో నాకింకా తెలియదు.