జగదల్‌పూర్ బస్సులో రెండు ప్రాసెసర్లు

బస్సులో కాలు ఊపుతూ, ఫోన్‌లో రెండు ప్రాసెసర్ల ఫోటోలు అటూ ఇటూ తిప్పుతున్నాను. ఒకటి చవక డెస్క్‌టాప్‌ది, ఒకటి పెద్ద సర్వర్లది. భోపాల్‌పట్నంలో నా ఆన్‌లైన్ ఫారాల దుకాణానికి ఒక్కటే కొనగలను. తప్పుది కొంటే దుకాణం మూతే.

పక్కన రిపేరు సామాన్ల సంచితో కూర్చున్నామె, నేను పెద్దదాని ఫోటో దగ్గర ఆగగానే తొంగి చూసింది. "గంత పెద్దది ఎందుకన్నా?"

"ఇజ్జత్ కోసం చెల్లె. నాలెక్క ఎనిమిదో తరగతి తప్పినోని దుకాణంల సర్వరుంటే పట్వారీ సుత లేచి నిలబడతడు."

ఆమె నవ్వలేదు. "కరెంటు పోతే?"

"చిన్న ఇన్వర్టరుంది."

"పెద్దది దాన్ని అరగంటల తాగేస్తది. లైన్ల నిలబడ్డోళ్లకు ఇజ్జత్ ప్రింటు తీసిస్తవా?"

నేను పెద్దదాని ఫోటో మూసేశాను. ఆమె దారిలో గీదం ఊళ్లో దిగిపోయింది.

నేను చిన్నదే కొన్నాను. కరెంటు పోయినప్పుడు ఊరంతా నా దగ్గరికే వచ్చి, తెలివైనోడివంటారు. కాదనను. ఆమె పేరైనా అడగలేదు మరి.