బాలింత గదిలో గొర్రెపిల్ల

నా చిన్నప్పుడు బాలింత గది అంటే ఊపిరి సలపని గది. కిటికీకి గోనెపట్టా, తలుపు కింది సందులో పాత చీర, మంచం పక్కన కుంపటి. చల్లగాలి తగిలితే తల్లికీ పిల్లకూ ముప్పని భయం. ఆ భయాన్ని చూసి నవ్వబుద్ధి కాదు నాకు. అప్పట్లో పసిపిల్లలు అంత తేలిగ్గా పోయేవారు మరి.

మా అమ్మ పుట్టిల్లు కొల్లాపూర్ దగ్గర ఒక పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. మా తమ్ముడు అక్కడే పుట్టాడు. వాడు పుట్టిన కొద్దిరోజులకే ముసురు పట్టుకుంది. కట్టెలు, పిడకలు అన్నీ చెమ్మగిల్లి, కుంపట్లో మంట తక్కువ, పొగ ఎక్కువ. వాడు పాలు తాగడం మానేశాడు. ఊపిరికి డొక్కలెగరేస్తున్నాడు. మా అవ్వ, అంటే అమ్మ తల్లి, అది దిష్టి అని తేల్చేసింది. ఎండుమిరపకాయలు దిగదుడిచి కుంపట్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు లెక్క. మేమందరం దగ్గి చస్తుంటే, పొగకు అలవాటుపడ్డ ఆవిడ తనకు మాత్రం ఘాటే రాలేదంది! ఇంకో గుప్పెడు వేసింది.

దవాఖానకు పోదామంటే వాగు పొంగుతోంది. నాకు కాలు ఒకచోట నిలవలేదు. గది దాకా వెళ్లి వాడి ఊపిరి వినడం, అరుగు మీదికి రావడం, మళ్లీ వెళ్లడం. తమ్ముడు చచ్చిపోతాడేమోనని నోరు తెరిచి ఎవరినీ అడగలేకపోయాను. అమ్మ మంచంలో ఏడుస్తోంది గానీ కన్నతల్లికి ఎదురు చెప్పలేకపోయింది.

మా తాతయ్య ఒక్కసారే అడిగాడు.

"జర తలుపు తియ్యరాదే. పోరనికి ఊపిరాడుతలేదు."

"నీకు గొర్లు తెలుసు, బాలింతల సంగతి ఏం తెలుసు? నడువ్ అవుతలికి."

ఆయన గొంగడి కప్పుకుని వానలోకి వెళ్లిపోయాడు. తమ్ముణ్ణి అలా వదిలేసి పోయాడని నాకు ఒళ్లు మండిపోయింది. కాసేపటికి గొంగడి కింద ఒక గొర్రెపిల్లను పెట్టుకుని తిరిగొచ్చాడు.

"తడిసి ముద్దయింది. జరసేపు కుంపటి కాడ ఉండనియ్యి."

ఆ పిల్లకు ఏ రోగమూ లేదు. పొద్దున్నే నా చేతుల్లోంచి దూకి పారిపోయింది. ఆ మాట అనబోతే తాతయ్య కళ్లెర్రజేశాడు. గొర్రెపిల్లలంటే ప్రాణమిచ్చే మా అవ్వ దాన్ని ఒళ్లోకి తీసుకుని, కొంగుతో తుడిచి, కుంపటి దగ్గర కూర్చుంది.

కాసేపు వణుకు తగ్గి బాగానే ఉంది. తరువాత తుమ్మింది. దగ్గింది. నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టింది.

"గీ పొగకు సచ్చేటట్టుంది! తలుపు తియ్యుండ్రే!" అని అవ్వ అరిచింది. ఎవరూ కదలకముందే గొర్రెపిల్లను చంకనెత్తుకుని తనే లేచి, తలుపు సందులోని చీరను కాలితో తన్ని, తలుపు బార్లా తీసింది.

తాతయ్య గొర్రెపిల్ల వైపు చూడనైనా లేదు. లోపలికి వచ్చి, తమ్ముణ్ణి మెత్తటి బొంతలో చుట్టి ఎత్తుకుని అవ్వ పక్కన నిలబడ్డాడు. రెండు పిల్లల డొక్కలూ ఒకేలా ఎగురుతున్నాయి. అవ్వ ఒకసారి దీన్ని, ఒకసారి వాణ్ణి చూసింది. గడప మీద కూలబడింది.

"గొర్రెపిల్ల రొప్పితే పొగ అన్న. నా బిడ్డ కొడుకు రొప్పితే దిష్టి అన్న. నా కండ్లేడ వోయినయ్?"

తాతయ్య తమ్ముణ్ణి అమ్మ ఒళ్లో పెట్టాడు. కుంపటి ఎత్తి బయటికి తీసుకుపోయాడు. పొద్దుగూకేలోపు తమ్ముడు నాలుగు గుక్కలు పాలు తాగాడు. వాగు తగ్గాక దవాఖానలో మందిప్పించారు. బతికాడు.

ఇప్పుడు నేను జడ్చర్లలో కొడుకు దగ్గర ఉంటున్నాను. చలికాలం పొద్దున మంచు కదలదు. లారీల దుమ్ము, కంపెనీల వాసన అందులోనే నిలిచిపోతాయి. మనవరాలు దగ్గితే కోడలు చలి అంటుంది, కొడుకు ఐస్‌క్రీం అంటాడు. కిటికీ మూస్తే దోమల బత్తి పొగ, తీస్తే రోడ్డు. మా తాతయ్యకు తలుపు తీస్తే చాలింది, బయట వాన కడిగిన గాలి ఉంది. నాకు ఏది తీయాలో, ఏది మూయాలో తెలియక మనసు కుదురుండదు.

అయినా ఎవరితోనూ వాదించను. పిల్ల పడుకోగానే పక్కన చాప వేసుకుని, దాని ముఖం దగ్గర ముఖం పెట్టి పడుకుంటాను. ముసలిదానికి నిద్ర పట్టిందనుకుంటారు. అది పీల్చే గాలిని నేను పీల్చి చూస్తుంటాను.