ఏది పోతే ఏడుత్తారు?

నిన్న మధ్యాహ్నం సోనారిలోని నా షాపులో ఒక పాత కంప్యూటర్ మూత విప్పి దుమ్ము ఊదడానికి బ్లోయర్ పెట్టగానే ఎండుమిరప ఘాటు గుప్పున ముక్కుకెక్కింది. తుమ్మీ తుమ్మీ కళ్ళ నీళ్ళు కారాయి. ఆ వంకన కాసేపు నిజంగానే ఏడ్చేశాను. అది మా మాణిక్యం అక్క కంప్యూటర్. నాకీ పని నేర్పిన మనిషి. ఈ హిందీ ఊళ్ళోనే, జుగ్సలాయి పేటలో మసాలా దినుసుల గోదాముపైన, ఇరుకు మెట్లెక్కితే వచ్చే ఒక్క గదిలో ఏళ్ళ తరబడి రిపేరు షాపు నడిపి, పోయిన చలికాలంలో కన్నుమూసింది. ఆవిడ భర్త అప్పలరాజు బావగారు దాన్ని ఆటోలో వేసుకొచ్చారు. సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత చూపిస్తోందట, కాస్త చోటు చేసిపెట్టాలట.

డిస్కు ఒక్కటే అయినా దాన్ని సీ, డీ అని గదులుగా విడగొడతారు. సీ నిండిపోయి డీ ఖాళీగా ఉంటే మధ్య గోడ జరపాలి. అక్క ఇదంతా అట్టపెట్టె ముక్కమీద పెన్సిలుతో గీసి చూపించేది. భుయ్యాడీహ్ పేటలో మాదీ రెండు గదుల ఇల్లే కాబట్టి నాకు ఇట్టే బోధపడింది. వంటగది పెరగాలంటే పక్కగదిలోవాళ్ళు లేచి సర్దుకోవాలి, అంతే. అయితే గోడ ముట్టుకునే ముందు అక్కకొక పద్ధతి ఉండేది. ఎంత పెద్ద వ్యాపారి వచ్చినా కుర్చీలో కూర్చోబెట్టి, "ఇందుల ఏది పోతే ఏడుత్తారు?" అని అడిగేది. తెలుగువాళ్ళని తెలుగులో, మిగతావాళ్ళని హిందీలో. వాళ్ళు చూపించినదాన్ని వేరే డిస్కులోకి ఎక్కించి, తెరిచి చూపించి, అప్పుడు పనిలో దిగేది. నాకు మాత్రం ఆ మాట నోట పలకాలంటే సిగ్గు. డిగ్రీ చదివినదాన్ని, గుమ్మంలోకి వచ్చిన మనిషిని పట్టుకుని ఏడుస్తారా అని అడగడమేమిటని లోలోపల సణుక్కునేదాన్ని.

ఒకరోజు అక్క సామాన్లు కొనడానికి వెళ్ళినప్పుడు, సీ నిండిపోయిన కంప్యూటర్ పట్టుకుని ఎస్తేరు టీచర్ వచ్చారు. మా అన్నయ్యకి లెక్కలు చెప్పినావిడ. ఆ ఏడే భర్త పోయారు. అలాంటి మనిషిని ఆ మాట ఎలా అడుగుతాను? డీలో ఏమైనా ఉందా టీచర్ అని మర్యాదగా అడిగాను. ఏమీ ఉండదమ్మా అన్నారావిడ. తెరిచి చూస్తే నిజంగానే ఒక్క ఫైలూ కనపడలేదు. డీని తీసేసి ఆ చోటంతా సీలో కలిపేశాను. అక్కడితో ఊరుకున్నానా, ఎన్నాళ్ళనుంచో ఆగిపోయిన అప్‌డేట్ కూడా నడిపించేశాను. అక్క వచ్చి మెచ్చుకుంటుందని కాచుకుని కూర్చున్నాను, అదీ నా తెలివి.

టీచర్ వెళ్ళేముందు, మా ఆయన పాటలు ఒకసారి పలుకుతున్నాయో లేదో చూడమ్మా అని తెరమీద ఒక బొమ్మ చూపించారు. నొక్కితే తెరుచుకోలేదు. ఆయన చర్చిలో పిల్లలకి పాటలు నేర్పేవారట. చివరిరోజుల్లో వంటగదిలో కూర్చుని పందొమ్మిది పాటలు తన గొంతుతో రికార్డు చేశారట. మనవలు చెరిపేస్తారన్న భయంతో వాటిని డీలో ఎవరికీ కనపడకుండా దాచి, నొక్కితే అవి పలికేలా భార్య కోసం తెరమీద ఆ బొమ్మ పెట్టి వెళ్ళారన్నమాట. పాపం ఆవిడకి పాటలు ఆ బొమ్మలోనే ఉంటాయని నమ్మకం. ఆ డీనే నేను తీసిపారేశాను.

సరిగ్గా అప్పుడే అక్క మెట్లెక్కి వచ్చింది. నా మొహం చూసి, తెర చూసి, ప్లగ్గు పీకేసింది. డిస్కుమీద కొత్తగా ఇంకేమీ ఎక్కకపోతే పాతవి దొరకొచ్చంది. టీచర్ని రెండు రోజులాగమని పంపి, డిస్కు ఊడదీసి వేరే మెషీనుకి తగిలించి రెండు రోజులు వెతికింది. పదిహేడు పాటలు దొరికాయి. రెండింటిమీద నా అప్‌డేట్ వచ్చి కూర్చుంది. అక్క తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. "టీచరుకి నువ్వే సెప్పాల రవణా. నాను పక్కన కూకుంతాను," అంది.

టీచర్ ఇంటికి వచ్చి కూర్చుంది కూడా. నేను తలెత్తకుండా చెప్పాను. టీచర్ ఏవి ఆ రెండూ అని అడిగి, పేర్లు విన్నారు. "అవి నాకు వచ్చులే," అన్నారు. అక్క మొదటి పాట పెట్టింది. పాట మధ్యలో కుక్కర్ కూత వేసింది. ఆయన పాట ఆపి, "ఎస్తేరూ, ఆ పొయ్యి కట్టెయ్యవే," అన్నారు. టీచర్ నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తిరిగొస్తుంటే దారిలో అక్క ఒక్కటే మాట అంది. "సిగ్గు నీదీ, ఏడుపు ఆవిడిదీ అయింది. ఇకనించి అడుగు." ఆనాటినుంచి అడగని రోజు లేదు.

నిన్న బావగారినీ అడిగాను, అక్క అడిగినట్టే. నాకేటి తెలుస్తాది, అదంతా మీ అక్కదే కదా అన్నారాయన. దాచిన ఫైళ్ళు కనపడేలా చేసి డీ తెరిచాను. ఒక్క ఫోల్డరు ఉంది. దానిపేరు "రవణది, తియ్యొద్దు". లోపల పదిహేడు పాటలు. టీచర్ ఇంట్లోవి ఎప్పుడైనా పాడైతే నా తప్పు మళ్ళీ పైకి రాకూడదని ఇన్నేళ్ళూ తన డిస్కులో చోటు వదిలిపెట్టింది మా అక్క. సీ నిండిపోయి సతాయిస్తున్నా ఆ గోడ జరపలేదు. మొదటి పాట పెట్టి, కుక్కర్ కూత వినపడగానే నేనింక ఆపుకోలేకపోయాను.

బావగారికి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మరి నీకేది పోతే ఏడుత్తావమ్మా?" అని అడిగారు.

"మీకు కొత్త డిస్కు వేసిస్తాను బావగారూ. ఇది నాకు వదిలెయ్యండి," అన్నాను.