నాలుగో బ్రౌజర్

ఆఫీసులో ఆమెను అందరూ గోడమీద పిల్లి అంటారు. అలా పిలిచినా పలుకుతుంది, కోపం తెచ్చుకోదు. ఆమె చేసే పని అలాంటిది మరి. కొత్తగా తయారైన వెబ్‌సైటు లింకును ఒక బ్రౌజర్‌లో తెరిచి చూడాలి. వెంటనే కంప్యూటర్‌లో లింకులు మామూలుగా తెరుచుకునే డిఫాల్ట్ బ్రౌజర్ మార్చేసి అదే లింకును ఇంకోదానిలో తెరవాలి. మళ్ళీ మార్చాలి. ఒకదానిలో బుద్ధిగా కూర్చున్న బటన్ ఇంకోదానిలో ఏ మూలకో జారిపోయి ఉంటుంది. దాన్ని పట్టుకున్నప్పుడు ఆమె ముఖం చూడాలి! ప్రతిసారీ సెట్టింగుల్లోకి వెళ్ళి మార్చే ఓపిక ఎవరికుంది? ఒక్క నొక్కుతో డిఫాల్ట్ మారిపోయే చిన్న ప్రోగ్రామ్ ఒకటి తెర మూలన పెట్టుకుంది.

ఇంట్లోనే, వంటగది పక్క గదిలో ఆమె పని. ఆ కంప్యూటర్‌లో బ్రౌజర్లు నాలుగు. మూడు ఆమె రోజూ వాడేవి. నాలుగోది కంప్యూటర్‌తోపాటే వచ్చింది, దాని మొహం చూసేవాళ్ళు లేరు. "అదొక అద్దెకెవరూ దిగని వాటా" అని భర్తతో నవ్వుతూ అనేది. అతను స్కూలు వ్యాను డ్రైవరు, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. విని ఊరుకునేవాడు.

ఆవేళ వచ్చిన పని ఊళ్ళోని కళ్ళ ఆసుపత్రిది, రోగులు ఎప్పటినుంచో వాడుతున్న వెబ్‌సైటే. నాలుగో బ్రౌజర్‌లో కూడా చూసి పెట్టమని వాళ్ళే అడిగారు. 'నా అపాయింట్‌మెంట్లు' అన్న లింకు నొక్కితే మొదటి మూడూ ఫోన్ నంబరు, పాస్‌వర్డ్ అడిగాయి. సరిగ్గానే ఉంది. నాలుగోదాన్ని డిఫాల్ట్ చేసి నొక్కింది. అది ఏమీ అడగలేదు. ఎవరో రోగి పేజీ బార్లా తెరుచుకుంది.

ఆమె గుండె ఝల్లుమంది. భయంతో కాదు, సంబరంతో. ఒకరి జబ్బు ఇంకొకరికి కనిపించడమంటే మాటలా! ఆమె ఉద్యోగంలో ఇంత పెద్ద తప్పు ఎప్పుడూ దొరకలేదు. పేజీ ఎలా ఉందో చూడడమే తప్ప అందులో ఏం రాసి ఉందో చదివే అలవాటు ఆమెకు లేదు. తెరను ఫొటో తీసి టీమ్ లీడరుకు పంపింది. పక్కన "ఘోరం" అని కూడా రాసింది.

వెంటనే ఫోన్ మోగింది. టీమ్ లీడరు ఆమెకన్నా చిన్నవాడు, ఎప్పుడూ వేళాకోళమే. ఇప్పుడు గొంతులో ఆ సరదా లేదు.

"అక్కా, ఆ పేరు చదివారా?"

"పేరుతో పనేముంది? అసలు కనపడకూడదు కదా."

"ఒక్కసారి చదవండక్కా. ఫొటో నేను చెరిపేశాను. ఇంకెవరూ చూడలేదు."

చదివింది. పైన భర్త పేరు. కింద అతని ఫోన్ నంబరు. వెబ్‌సైటులో ఏ తప్పూ లేదు. ఈ బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళి, బయటికి రావడం మరిచిపోయింది అతనే. ఎవరూ దిగని వాటా అని తనే చెప్పింది, అతను వెళ్ళి అందులోనే దిగాడు. ఆ కింద, వేసవి సెలవులకు ముందు తేదీతో డాక్టరు రాసిన మాటలు ఉన్నాయి. ఎడమ కంటి చూపు దాదాపు పోయింది. వాహనం నడపకూడదు.

పొద్దున్నే వ్యాను వీధి చివర మలుపు తిరగడం కిటికీలోంచి చూసింది. వ్యాను నిండా పిల్లలు. వాళ్ళలో మూడో తరగతి చదివే తన కూతురు.

మధ్యాహ్నం అతను భోజనానికి వచ్చాడు. ఆమె తెర చూపించింది. అతను దగ్గరికి వచ్చి, తల బాగా ఎడమకు తిప్పి చదివాడు. ఆ తిప్పడం చాలా రోజులుగా చూస్తూనే ఉంది. మెడ పట్టేసిందని అతనంటే నమ్మింది.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఆపేయమంటావు. నాకొచ్చిన పని అదొక్కటే."

"పిల్లలండీ వాళ్ళు! కూరగాయల బస్తాలు కాదు!"

"నాకు తెలీదా? నెమ్మదిగానే నడుపుతున్నా. ఇన్నాళ్ళూ బండికి చిన్న గీత కూడా పడలేదు. ఎడమపక్క చూడ్డానికి మనిషుంది."

"ఎవరు? ఆయానా?"

అతను కుర్చీలో కూలబడ్డాడు.

"ఆయాకు తెలిస్తే స్కూల్లో చెప్పేయదూ? మన పాపే. ముందు సీట్లో కూర్చుంటుంది. సైకిలొస్తే చెబుతుంది, మనిషి అడ్డమొస్తే చెబుతుంది. అమ్మకు మాత్రం చెప్పొద్దన్నాను. బంగారుతల్లి, ఒక్కసారి కూడా నోరు జారలేదు."

ఆమె బల్లమీది వ్యాను తాళాలు తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది. స్కూలుకు ఫోన్ చేసి, సాయంత్రం ఇంకో డ్రైవరును చూసుకోమని, తన భర్త ఇక వ్యాను నడపలేడని, కారణం వచ్చి చెబుతానని అంది.

"మరి నేనేం చెయ్యను?" అన్నాడతను, ఆమె ఫోన్ పెట్టేశాక.

స్కూలు వదలడానికి ఇంకా చాలా సేపున్నా ఆమె చెప్పులు వేసుకుని బయటపడింది. ఎండలో నడుస్తుంటే గుర్తొచ్చింది. ఈమధ్య పాప ఇంటికి రాగానే కళ్ళు లాగుతున్నాయని పడుకుంటోంది. ఫోన్‌లో బొమ్మలు తెగ చూస్తున్నావని మొన్న తనే రెండు దెబ్బలు వేసింది. పిల్ల ఏడ్చింది గాని, నిజం మాత్రం చెప్పలేదు.