బయట మిగిలిన తొడుగు

ఇంతకు ముందు రాయలేదంటే, రాయడం రాకనే. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగినన్నాళ్లూ వాటి మీది చీటీలు నాకు వట్టి గీతలు. మా ఆయన పోయాక, ఇంటర్ చదువుతున్న కూతురు తన పాఠాలు పైకి చదువుతూనే నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అక్షరాలు దిద్దించింది. అందుకే నాకు ఆవు, ఇల్లు కంటే ముందు క్రిములు, ఎలుకలు వచ్చాయి.

కూతురంటున్నాను గానీ కన్నది నేను కాదు. ఆమెను కని, మా ఆయన మొదటి భార్య కన్నుమూసింది. నా పెళ్లినాడు ఆమె గుర్తుగా సవతి బిళ్ల నా మెడలో వేశారు. పుస్తెలు తీసిన రోజున కూడా దాన్ని మాత్రం తియ్యనివ్వలేదు.

మొన్న సాయంత్రం పుణె నుంచి కూతురు ఫోన్ చేసింది. ఆమెకిప్పుడు ఏడో నెల. "కాన్పుకు చిన్నమ్మ వాళ్లింటికి రమ్మంటున్నదమ్మా. నువ్వేమంటవ్?" ఆ చిన్నమ్మ, చనిపోయినామె చెల్లెలు, సంగారెడ్డిలో ఉంటుంది. ఆ రోజు పొద్దున నాకూ ఫోన్ చేసింది. "తొలుసూరు కాన్పు అక్కా, రక్తసంబంధం ఉన్నకాడ అయితెనే మంచిగుంటది. నీకెందుకు పరేషాన్?" మాటలో తప్పేమీ లేదు. కూతురితో "నీ ఇష్టం బిడ్డా" అని పెట్టేశాను. కిష్టారెడ్డిపేటలో ఈ రెండు గదులకు వచ్చినప్పటి నుంచి పక్కింటి కుక్కర్ కూతే నాకు పలకరింపు. ఆ సాయంత్రం అదీ కూయలేదు.

ఏం తోచక కూతురి పాత పుస్తకం తీశాను. తల్లిదండ్రుల గుణాలను పిల్లలకు మోసుకుపోయేది ఏదన్నది కనిపెట్టిన ముచ్చట అది. ఒకాయన ప్రాణాలు తీసే క్రిములను వేడితో చంపి, హాని చేయని బతికున్న క్రిములతో కలిపి ఎలుకకు ఎక్కించాడు. ఎలుక చచ్చింది. చచ్చినవాటి గుణం బతికున్నవాటికి వచ్చింది. తర్వాతివాళ్లు ఆ క్రిముల రసంలో ఒక్కొక్క పదార్థాన్నీ పాడుచేసి చూశారు. మాంసకృత్తులు పోయినా గుణం దాటింది. డీఎన్‌ఏ పోతే ఆగిపోయింది. అయినా చాలామంది నమ్మలేదట. చివరికి క్రిములను పట్టే వైరస్‌లతో తేల్చారు. వైరస్ తన డీఎన్‌ఏను లోపలికి పంపి, తొడుగును బయటే వదిలేస్తుంది. ఆ తొడుగులను యంత్రంలో తిప్పి ఊడగొట్టినా, లోపలికి పోయిన డీఎన్‌ఏతోనే కొత్త వైరస్‌లు పుట్టాయి.

"మన పచ్చడి మిక్సీ అసుంటిదేనమ్మా" అని అప్పట్లో కూతురు నవ్వింది.

"మరి ఆ తొడుగు ఏమైతది?"

"దాంతోని ఇగ పనేముంది? పారబోస్తరు."

ఆనాడు నేనూ నవ్వాను. మొన్న మాత్రం పుస్తకం ఒళ్లో పెట్టుకొని మిక్సీ వైపు చూస్తూ కూర్చున్నాను. పోయినామె కూతురిలో ఉంది: అదే ముక్కు, అదే గడ్డం. పుట్టబోయే బిడ్డలోనూ ఉంటుంది. బయట మిగిలిన తొడుగును నేను. కాసేపటికి మళ్లీ పేజీ తెరిస్తే, కూతురు ఎన్నడూ పైకి చదవని చిన్న అక్షరాలు బొమ్మ కింద కనిపించాయి. ముందుగా క్రిమిని పట్టుకొనేది ఆ తొడుగేనట. ఆ పట్టు లేకపోతే లోపలికి ఏదీ పోదట. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ మళ్లీ మళ్లీ చదివాను.

మర్నాడు పొద్దున చాయ కూడా పెట్టుకోకముందే ఫోన్ చేశాను. "కాన్పు నా దగ్గర్నే. మీ చిన్నమ్మను గూడ ఈడికే రమ్మను."

"నిన్న నీ ఇష్టమంటివి?"

"నిన్న గట్లన్న. ఇయ్యాల గిట్లంటున్న."

"గీ మాట నిన్ననే అంటె జెర నిద్ర వోతుంటి గదమ్మా" అంది.

ఫోన్ పెట్టేసి, మెత్తబడిన నూలు చీరలు ఏరి, పొత్తిగుడ్డలకని చింపి, ఉతికి ఆరేశాను. మధ్యాహ్నానికే ఆరిపోయాయి. కాన్పుకు ఇంకా రెండు నెలలుంది. ఇన్నేళ్లు ఎట్లా గడిచాయో తెలియలేదు గానీ, ఈ రెండు నెలలే కదిలేట్టు లేవు.